బండి మనది, పానా ఎవరిది?

వార్షిక సంచికకు వ్యాసమిమ్మంటే టైర్ల గురించీ, ఇంజన్ ఆయిలు గురించీ రాసుకొచ్చాడేమిటని సంపాదకవర్గం వారు మొహాలు చిట్లించుకుంటే వారి తప్పేమీ లేదు. మన సంచికల్లో ఇటువంటి విషయాలకు చోటిచ్చే ఆనవాయితీ లేదు. నిరుద్యోగ సమస్య, వరకట్న దురాచారం, విద్యావిధానంలో లోపాలు, యువత కర్తవ్యం – ఇవీ మనం ఏటా రాసేవి. రాయవలసినవే, కాదనను. కానీ విద్యార్థి మిత్రులారా, ఒక్కసారి కాలేజీ స్టాండులోకి వెళ్లి, వరుసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లనూ స్కూటీలనూ వంగి చూడండి. వెనక టైర్లలో ఎన్నింటికి గాడులు మిగిలి ఉన్నాయో, ఎన్ని నున్నగా గుండయినాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత ఆ బండ్ల యజమానులను పిలిచి, ‘నీ టైరు మీద రాసి ఉన్న అంకెలకు అర్థమేమిటి? నీ ఇంజన్లో పోసిన ఆయిలు ఏ రకం? చివరిసారి మార్చిందెప్పుడు?’ అని అడగండి. నూటికి తొంభై మంది చెప్పే జవాబు ఒక్కటే: ‘మెకానిక్‌కు తెలుసు సార్.’

డిగ్రీ చేతికందే వయసులో ఉన్నవాడు తన ప్రాణం మోసే వస్తువు గురించి ఇచ్చే సమాధానమా ఇది? టైరు ఎంచుకోవడం, చక్రం ఎంచుకోవడం, ఇంట్లో కూర్చుని ఆయిలు మార్చుకోవడం – ఇవి చదువుకు బయటి పనులు కావు, చదువులోని పనులేనని నా వాదన. ఈ మాట ఏ హైదరాబాదులోనో అంటే అంత బరువుండదేమో గాని, శ్రీరాంపూర్‌లో అంటే ఉంటుంది. ఎందుకంటే మనది యంత్రం మీద బతికే నేల.

తట్టా చెమ్మాసుతో బొగ్గు ఎత్తిన రోజులు మన తాతలవి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుక్కున్న నాటి నుంచి, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చిన నాటి నుంచి, ఈ నేల కింద మనిషి కండరం చేసిన పనిని క్రమంగా యంత్రం అందుకుంటూ వచ్చింది. ఇవాళ ఓపెన్‌కాస్టు అంచున నిలబడి కిందికి చూస్తే 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లు చీమల బారులాగా పాకుతుంటాయి. దగ్గరికి పోతే దాని టైరు మనిషి నిలువు కంటే ఎత్తుంటుంది. ఆ యంత్రాన్ని ఎట్లా చూసుకుంటారో మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు తెలుసు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఎన్ని గంటలు నడిచిందన్నది లెక్క. సాధారణంగా 250 గంటలకొకసారి ఇంజన్ ఆయిలు మార్చడం ఈ పెద్ద యంత్రాల పద్ధతి. తీసిన ఆయిల్లో కొంచెం పరీక్షకు పంపితే, అందులో ఇనుము రజను ఎక్కువుందా, రాగి ఎక్కువుందా, ఇసుక తాలూకు సిలికా ఎక్కువుందా అన్నదాన్ని బట్టి లోపల ఏ భాగం అరుగుతున్నదో ఇంజన్ విప్పకుండానే చెప్పేస్తారు. మనిషికి రక్తపరీక్ష ఎట్లాగో యంత్రానికి ఇది అట్లా!

టైరు విషయంలో ఇంకా జాగ్రత్త. గనుల టైర్లకు ‘టన్ను కిలోమీటర్ పర్ అవర్’ అని ఒక కొలత ఉంది. టైరు సగటున మోసే బరువును, సగటు వేగంతో గుణిస్తే వచ్చే సంఖ్య అది. ఆ సంఖ్య టైరుకు కంపెనీ నిర్ణయించిన హద్దు దాటితే లోపలి వేడికి రబ్బరూ, దాని లోపలి అల్లికా విడిపోతాయి. కనుక బరువు ఎక్కువైతే వేగం తగ్గాలి, దూరం పెరిగితే బరువు తగ్గాలి. 2005 తర్వాత మూడు నాలుగేళ్లపాటు ప్రపంచమంతటా ఈ పెద్ద టైర్లకు కరువొచ్చి, డబ్బు పెట్టినా దొరకక గనులు తల్లడిల్లిన కాలం ఒకటుంది. టైరు విలువ అప్పుడు తెలిసింది అందరికీ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ డంపర్ ఇంజన్ విప్పి బిగించే ఫిట్టరు ఇంట్లోనే, క్వార్టర్ ముందు నిలబెట్టిన కొడుకు బండి గుండు టైరుతో, ఎప్పటిదో తెలియని నల్ల నూనెతో నడుస్తుంటుంది. బాపు చేతిలో ఉన్న విద్య కొడుకు చేతికి రాలేదు. రాకపోగా, ‘చదువుకున్నోనివి, నీకెందుకురా గీ నూనె పని’ అని బాపే అంటాడు. తన చెయ్యి నల్లబడింది చాలు, బిడ్డ చెయ్యి తెల్లగా ఉండాలన్నది ఆయన ప్రేమ. ఆ ప్రేమను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ దాని ఫలితమేమిటో చూడండి: ఒకే కప్పు కింద ఒక తరానికి యంత్రం తెలుసు, ఇంకొక తరానికి యంత్రం నడపడం మాత్రమే తెలుసు.

సరే, అసలు విషయానికొద్దాం. ముందు గాలి సంగతి.

ఎండాకాలం వచ్చిందంటే మన ప్రాంతంలో ఒక నమ్మకం నిద్ర లేస్తుంది. టైర్లో గాలి తక్కువ కొట్టించాలట, లేకపోతే ఎండకు పేలిపోతుందట! రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటే ఎండలు మనకు కొత్త కావు కాబట్టి ఈ మాట చాలా తెలివైనదిగా వినిపిస్తుంది. కానీ ఇంటర్మీడియట్‌లో చదువుకున్న వాయు సూత్రాలు గుర్తున్నాయా? పరీక్ష అయిపోగానే మరిచిపోయాం గదా! ఒకసారి లెక్క వేద్దాం. టైర్లో 30 పౌండ్ల గాలి ఉందనుకోండి. దానికి వాతావరణ పీడనం 14.7 కలిపితే 44.7. పొద్దుటి ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అంటే సుమారు 300 కెల్విన్. వేడి 10 డిగ్రీలు పెరిగితే పీడనం పెరిగేది 44.7ను 300తో భాగించి 10తో గుణించినంత – ఒకటిన్నర పౌండు! ఇరవై డిగ్రీలు పెరిగినా మూడు పౌండ్లు. ఈమాత్రం పెరుగుదల టైరు తయారు చేసినవాడు ముందే లెక్కలో వేసుకున్నాడు. అందుకే మాన్యువల్లో ఇచ్చే అంకె చల్లగా ఉన్న టైరుకు, అంటే పొద్దున బండి తీయకముందు ఉన్న స్థితికి చెప్పింది.

మరి టైర్లు పేలవా? పేలతాయి. ఎక్కువ సార్లు పేలేది గాలి తక్కువైన టైరే. గాలి తక్కువుంటే టైరు పక్కగోడ నేలకు తగిలిన ప్రతిసారీ నొక్కుకుపోతుంది, పైకి లేచినప్పుడు మళ్లీ సాగుతుంది. ఇనుప తీగనొకదాన్ని ఒకేచోట పదిసార్లు అటూ ఇటూ వంచి, వంచినచోట వేలు పెట్టి చూడండి, కాలుతుంది. టైర్లోనూ అదే జరుగుతుంది. ఓపెన్‌కాస్టు వాళ్లు భయపడే వేడి, ఇందాక నేను చెప్పిన వేడి, ఇదే. మన నమ్మకమేమో పేలకుండా ఉండాలని గాలి తీసి, పేలే ఏర్పాటు చేస్తున్నది. దానికి తోడు బండి మీద ముగ్గురు!

ఇక టైరు మీది రాత. మన కాలనీల్లో ఎక్కువగా కనిపించే వంద సీసీ బండి వెనక టైరు మీద 80/100-18 అనీ, దాని పక్కన 54పి అనీ ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో ఎత్తు నూటికెంత అన్నది. 18 అన్నది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 54 అన్నది బరువుకు గుర్తు, అంటే ఆ టైరు 212 కిలోలు మోయగలదు. ‘పి’ అంటే గంటకు 150 కిలోమీటర్ల వరకు వేగానికి అది నిలబడుతుంది. అదే బండి ముందు టైరు చూడండి. కొలత అదే 80/100-18. కానీ పక్కన ఉండేది 47. అంటే 175 కిలోలే! చూపులకు రెండూ ఒకటే, రిమ్ముకు రెండూ సరిపోతాయి. అరిగిన వెనక టైరు స్థానంలో ‘కొలత ఒక్కటే గదా’ అని ముందు టైరు రకం ఎక్కిస్తే, ఎవరికీ తెలియకుండా 37 కిలోల బలం పోయినట్టే. ఇది తెలుసుకోవడానికి ఏ ఇంజనీరింగూ అక్కర్లేదు, వంగి చదవడం చాలు.

ఇంకొక నాలుగంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిన టైరన్న మాట. టైరుకూ వయసుంటుంది. గోడౌనులో ఎండకూ వేడికీ పడి ఉన్న టైరు కొత్తదిలాగే మెరుస్తుంది గాని, రబ్బరు గట్టిపడి ఉంటుంది. దుకాణంలో మనం ధర బేరమాడతాం, పుట్టిన తేదీ అడగం. పెళ్లిసంబంధానికి జాతకం అడిగే మనం టైరుకు ఎందుకు అడగమో నాకు బోధపడదు!

‘ఏ కంపెనీ టైరు మంచిది?’ అని అడుగుతారు మిత్రులు. పేరున్న కంపెనీల మధ్య మన వేగాలకు తేడా తక్కువ. మన రాష్ట్రంలోనే సదాశివపేటలో పెద్ద టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఐఎస్ఐ ముద్ర, తేదీ, బరువు అంకె, ఈ మూడూ సరిగా ఉంటే కంపెనీ పేరు మీద వాదులాట అనవసరం. కొనకూడనిది మాత్రం ఒకటుంది. అరిగిన టైరుకు వేడి బ్లేడుతో కొత్త గాడులు కోసి, నల్లరంగు పూసి అమ్మేది. దాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దు.

టైరు ఎప్పుడు మార్చాలన్నది టైరే చెబుతుంది. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లుంటాయి. అరిగి అరిగి టైరు ఉపరితలం ఆ గట్టుకు సమానమైందంటే దాని పని అయిపోయింది. కార్లకు ఆ లోతు 1.6 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో గుండు టైరు కూడా బాగానే నడుస్తుంది, అక్కడే మోసం. తొలకరి పడనీయండి. బొగ్గు టిప్పర్లు తిరిగే దారుల మీద, ఇందారం వైపు గానీ నస్పూర్ వైపు గానీ, నాలుగైదు నెలలుగా పేరుకున్న నల్లదుమ్ము మొదటి వానకు బురద కూడా కాదు, గంజిలాగా అవుతుంది. ఆ గంజిని పక్కకు తోయవలసింది టైరు గాడులే. అవి లేనినాడు బ్రేకు ఎంత మంచిదైనా చక్రం ఆగుతుంది, బండి ఆగదు. వెనకనుంచి వచ్చేది ఖాళీ టిప్పరో, నిండు టిప్పరో అది వేరే సంగతి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లే. అందరూ టైరు వల్ల పోయారని నేననను. కానీ ఆ 44 మందిలో మన వయసు వాళ్లెంతమందో ఊహించుకోవడానికి నివేదిక అక్కర్లేదు, మన కాలనీల్లో గోడలకు దండలు వేసి వేలాడే ఫోటోలు చాలు.

చక్రాల ఫ్యాషను గురించి రెండు మాటలు. ఈమధ్య మోటారు సైకిలుకు ఉన్నదానికంటే వెడల్పు టైరు ఎక్కించడం గొప్పయింది. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు పెడితే దాని అంచులు లోపలికి నొక్కుకుని టైరు గుండ్రంగా ఉబ్బుతుంది. నేలను తాకే భాగం అనుకున్నంత పెరగదు, మైలేజీ మాత్రం పడిపోతుంది, మలుపులో బండి బరువెక్కుతుంది. కార్ల వాళ్లది ఇంకో రకం పిచ్చి – పెద్ద అల్లాయ్ చక్రం, సన్నటి టైరు. కంపెనీ వాడు చక్రం పెంచడా అంటే పెంచుతాడు, కానీ లెక్కతో. మారుతి స్విఫ్టు తీసుకోండి. తక్కువ ధర రకానికి 165/80 ఆర్14, ఎక్కువ ధర రకానికి 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి. మొత్తం వ్యాసం లెక్కవేస్తే మొదటిది 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! రిమ్ము అంగుళం పెరిగినప్పుడు టైరు ఎత్తు ఆమేరకు తగ్గించాడు. కనుక స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, టైరు మడ్‌గార్డుకు రాసుకోదు. బజార్లో మనం చేసే మార్పుకు ఈ లెక్క వేసేదెవరు? నా అభిప్రాయమడిగితే, మన రోడ్ల గుంతలకు కారుకు ఇనుప రిమ్మే మేలు. వంగితే కొట్టి సరిచేయవచ్చు, అల్లాయ్ పగిలితే పగిలినట్టే. మోటారు సైకిలుకు మాత్రం అల్లాయ్ చక్రాన్ని సమర్థిస్తాను, దాని మీద ట్యూబులెస్ టైరు సులువుగా కూర్చుంటుంది గనక. మేకు గుచ్చుకున్నా గాలి ఒక్కసారిగా పోదు. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాడికి అది చిన్న సంగతి కాదు.

ఇక ఆయిలు. మన వాళ్లకు కందెన కొత్త వస్తువు కాదు. బండి ఇరుసుకు ఆముదం, గడ్డి మసి కలిపి పూసిన జాతి మనది. సుమతీ శతకకారుడు కరణాల గురించి చెప్పబోయి కూడా ఇరుసునూ కందెననూ ఉపమానంగా తెచ్చుకున్నాడు. ఎద్దులబండి కిర్రుమని అరిచి అడిగేది కందెన కావాలని. ఇంజను అరవదు, అదే చిక్కు. లోలోపల అరిగిపోయి, అరిచే నాటికి జేబు ఖాళీ చేస్తుంది.

డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. ‘డబ్ల్యూ’ అంటే వింటర్, చలికాలం. ‘మనకు చలెక్కడిది, 45 డిగ్రీల ఎండ, చిక్కటి ఆయిలే పోయాలె’ అని వాదించేవాళ్లున్నారు. కానీ నడుస్తున్న ఇంజన్లో ఆయిలు వేడి ముందు మన ఎండ చల్లదనమే. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిలు చిక్కదనాన్ని చెబుతుంది. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. పొద్దున కిక్కు కొట్టిన మొదటి కొన్ని క్షణాల్లో ఆయిలు పైదాకా చేరకముందే లోహం మీద లోహం రాసుకుంటుంది. చిక్కటి ఆయిలు పోస్తే ఆ క్షణాలు పెరుగుతాయి. మాన్యువల్లో ఏ అంకె ఉంటే అదే పోయాలి. ఇంకొక సంగతి: మోటారు సైకిల్లో క్లచ్చు ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కనుక దాని డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉండాలి. గేర్లు లేని స్కూటరుకు ‘ఎంబీ’. కారు ఆయిలు చౌకగా వచ్చిందని మోటారు సైకిల్లో పోస్తే క్లచ్చు జారడం మొదలుపెట్టవచ్చు.

నల్లబడితే ఆయిలు చెడిపోయినట్టేనా? కాదు. మసిని పట్టి తనలో తేల్చుకోవడం ఆయిలు చేయవలసిన పనే. నల్లబడడం పని చేస్తున్న గుర్తు. మార్చవలసింది రంగు చూసి కాదు, కిలోమీటర్లూ నెలలూ చూసి. మా కాలనీలో రిటైరైన ఫిట్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన రంగు చూడడు. తీసిన ఆయిలు చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దుతాడు. మొన్నొకసారి ఒక కుర్రవాడి బండి ఆయిలు అట్లా రుద్ది, ‘గీ నూనెల గరుకు తలుగుతున్నది బిడ్డా, ఎయిర్ ఫిల్టరు ఎన్నడన్న ఇప్పి చూసినవా?’ అన్నాడు. విప్పితే ఫిల్టరు బొగ్గుముక్కలాగా ఉంది. ఇందాక ప్రయోగశాల గురించి చెప్పానే, సిలికా సంగతి – ఆయన వేళ్లల్లో ఆ ప్రయోగశాల ఉంది. ఆయన తర్వాత అది ఎవరి వేళ్లల్లో ఉంటుంది?

పని పెద్దదేమీ కాదు. బండిని అయిదు నిమిషాలు నడిపి, ఆయిలు గోరువెచ్చనయ్యాక చదును నేల మీద సెంటర్ స్టాండు వేయాలి. కింద వెడల్పాటి పాత బేసిను. పైన ఆయిలు మూత తీస్తే గాలి ఆడుతుంది. డ్రెయిన్ బోల్టుకు సరిగ్గా పట్టే రింగు పానా వాడాలి, వదులు పానా వాడితే బోల్టు తల గుండ్రమై మెకానిక్కు దగ్గరికే పోవాల్సి వస్తుంది. పది నిమిషాలు కారనివ్వాలి. వాషరు పాతదైతే కొత్తది వెయ్యాలి. బోల్టును మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. ఇక్కడ మన మగతనం చూపించకూడదు! ఇంజను అల్యూమినియం, బోల్టు ఇనుము. బలం కొద్దీ బిగిస్తే మర తెగేది ఇంజన్‌దే. కొన్ని బండ్లకు కాగితం ఫిల్టరు ఉంటుంది, కొన్నింటికి జల్లెడ మాత్రమే. రెండోది కడిగితే సరిపోతుంది. కొలిచి ఆయిలు పోసి, ఒక నిమిషం ఇంజను నడిపి, ఆపి, కాసేపాగి కొలకర్రతో చూడాలి. తక్కువ ఎంత చేటో ఎక్కువా అంతే చేటు. తేదీ, మీటరు రీడింగు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. బండి వారంటీలో ఉంటే ఇంటిపని వారంటీకి అడ్డమా అన్నది దాని పుస్తకంలో ముందే చూసుకుని, కొన్న బిల్లులు దాచాలి. ఖాళీ డబ్బాను కత్తితో కోసి పారెయ్యండి, లేకపోతే అందులో కల్తీ నింపి మళ్లీ మనకే అమ్మేవాళ్లున్నారు. కార్ల వాళ్లకు ఒక హెచ్చరిక: జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి తల పెట్టవద్దు. గనిలో ఆసరా లేని కప్పు కిందికి పోవద్దని మన వాళ్లకు ఎందుకు నేర్పుతారో ఇదీ అందుకే. సరైన స్టాండ్లు లేకపోతే కారు పని ఇంట్లో వద్దు.

ఇంతవరకు నాతో ఏకీభవించినవాళ్లు కూడా ఇక్కడ కొంచెం ఆగాలి. బేసినులో చేరిన ఆ నల్ల నూనె ఏం చేస్తారు? ఇంట్లో ఆయిలు మార్చుకునేవాళ్లలో చాలామంది చేసేదేమిటంటే, గోడవారగా మోరీలో పోసి ఒక చెంబు నీళ్లు కొట్టడం. లేకపోతే చెదలు పట్టకుండా గుంజలకు పూయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం, సెంట్రింగు రేకులకు రుద్దుకొమ్మని మేస్త్రీకి ఇవ్వడం. మోరీ వాగులోకి, వాగు గోదావరిలోకి. ఒక్క కారు నుంచి ఒక్కసారి తీసిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క కట్టింది, అంటే సుమారు 38 లక్షల లీటర్లు. మన బండిలో పట్టేది లీటరో, లీటరు లోపో గనక దాంట్లో మూడో వంతో నాలుగో వంతో అనుకోండి. అదేమన్నా తక్కువా? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిలు కూడా ఉంది. దాన్ని అనుమతి పొందిన శుద్ధి కర్మాగారాలకే చేర్చాలి. ఆ నిబంధనలకు 2023లో చేసిన సవరణతో, ఆయిలు తయారు చేసే కంపెనీలే వాడిన ఆయిలు తిరిగి శుద్ధి అయ్యే బాధ్యత కొంత మోయాలన్న పద్ధతి 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కంపెనీలకు సరే, శ్రీరాంపూర్ క్వార్టర్లో బేసిను పట్టుకుని నిలబడ్డవాడికి దారేది? గని వల్ల ఊరి గాలీ నీళ్లూ పాడవుతున్నాయని సభల్లో ఉపన్యాసాలిచ్చే మనం, మన లీటరు నల్ల నూనె మోరీలో పోసి వస్తే ఆ ఉపన్యాసం ఎవరు వినాలి?

‘అందరూ ఇంట్లోనే ఆయిలు మార్చుకుంటే మెకానిక్కు పొట్ట మీద కొట్టినట్టు కాదా?’ అని ఒక లెక్చరర్ మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయిలు మార్చినందుకు మెకానిక్కుకు మిగిలే కూలి ఎంత? ఇద్దరం ఫస్టాట సినిమాకు పోయినంత కూడా కాదు. కనుక డబ్బు మిగులుతుందని నేను ఈ పని చేయమనడం లేదు. క్లచ్చు ప్లేట్లు, వాల్వులు, బ్రేకులు, టైరు విప్పి ఎక్కించడం ఇవన్నీ ఆయన విద్యే, ఆయనకే పోవాలి. తేడా ఏమిటంటే, విషయం తెలిసినవాడు వెళ్తే మంచి మెకానిక్కు సంతోషిస్తాడు, ‘ఏమన్నా చెయ్యన్నా, నాకేం తెల్వదు’ అనేవాడు వెళ్తే చెడ్డ మెకానిక్కు సంతోషిస్తాడు. మన అజ్ఞానం మంచివాడి పొట్ట నింపడం లేదు.

అమ్మాయిల సంగతి కూడా చెప్పాలి. స్టాండులో ఇప్పుడు సగం బండ్లు వాళ్లవే. బండి పని మగపిల్లల పని అన్న మాట ఈ నేల మీద ఇక చెల్లదు. 2019లో కేంద్ర ప్రభుత్వం భూగర్భ గనుల్లో ఆడవాళ్ల నియామకానికి దారి తెరిచింది. గనిలోకి దిగవచ్చునన్న చెల్లెలికి స్కూటీ కింద బేసిను పెట్టడం రాదంటే నేను నమ్మను. బ్యాటరీ స్కూటర్లొస్తున్నాయి, ఇంజన్ ఆయిలే అక్కర్లేదు గదా అంటారు కొందరు. ఇంజన్ ఆయిలు అక్కర్లేని బండి వచ్చింది నిజమే, టైరు అక్కర్లేని బండి ఇంకా రాలేదు.

విద్యార్థి సంఘం వారికి నా ప్రతిపాదన ఇది. వచ్చే విద్యా సంవత్సరం నుంచి నెలకొక ఆదివారం స్టాండు పక్క రేకుల షెడ్డులో రెండు గంటలు కేటాయించాలి. ఒక గాలి కొలిచే గేజి, టైరు లోతు కొలిచే గేజి ఒకటి, రింగు పానాల సెట్టు, రెండు బేసిన్లు, ఒక మూత ఉన్న డ్రమ్ము – ఖర్చు ఇంతే. ఫ్రెషర్స్ డే నాడు డీజేకు పెట్టేదానిలో చిన్న భాగం. గని వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైన పెద్దలను పిలిస్తే కాదనరని నా నమ్మకం, వాళ్లను పిలిచి అడిగినవాళ్లు లేరు గాని. తీసిన ఆయిలంతా డ్రమ్ములో పోయాలి, నీళ్లు గానీ పెట్రోలు గానీ కలపకూడదు, కలిస్తే శుద్ధి చేసేవాడు తీసుకోడు. డ్రమ్ము నిండాక అనుమతి ఉన్న రీసైక్లర్‌కు అప్పగించే పని ఒక లెక్చరర్ పర్యవేక్షణలో జరగాలి, రసీదు సంఘం ఫైల్లో ఉండాలి. రసాయన శాస్త్ర విభాగం వాళ్లు నమూనాలు తీసుకుని పరీక్షించదలిస్తే ఒక ప్రాజెక్టు కూడా అవుతుంది. మొదటి ఆదివారం ఆయిలు కూడా వద్దు, స్టాండులో ఉన్న ప్రతి బండికీ గాలి, గాడి లోతు, టైరు తేదీ చూసి చీటీ రాసి హ్యాండిలుకు కట్టండి. జూన్‌లో తొలకరికి ముందే చేస్తే మంచిది. నా దగ్గర 8 నుంచి 24 దాకా రింగు పానాల సెట్టు ఒకటుంది. 12 నంబరుది మాత్రం ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు, అదొక్కటి సంఘం కొనాలి.